ముగింపు గీత దగ్గర నేర్చుకున్నవి

నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు నా చేతిలో స్టాప్‌వాచీ పెట్టి, "మీరు లెక్కల్లో గట్టివారు, మాకు టైమ్ చూసిపెట్టండి సార్" అన్నారు. ఆ రోజు నుంచి ఈనాటి వరకు అథ్లెటిక్స్ నన్ను వదల్లేదు. జోనల్ మీట్లు, జిల్లా మీట్లు, పేపరు కటింగులు, రేడియో వార్తలు, ఆ తర్వాత టీవీ. ఇప్పుడు సాయంత్రం పూట స్టేడియం మెట్ల మీద కూర్చుని, నాలాంటి నలుగురైదుగురితో పాత పరుగులూ కొత్త పరుగులూ మాట్లాడుకోవడమే నాకు పెద్ద కాలక్షేపం. నీరజ్ చోప్రా స్వర్ణం తర్వాత కాలేజీ పిల్లలు కూడా మా దగ్గర చేరి కూర్చుంటున్నారు. చాలా తెలుసుకుని వస్తారు, ఇంకా తెలుసుకోవాలన్న ఆకలితో అడుగుతారు. వాళ్లకు చెప్పినవీ, చెప్పాలని మిగిలిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

1. చెవిని కాదు, కంటిని నమ్మండి.

టైమ్‌కీపర్‌గా నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. వంద మీటర్ల పరుగులో స్టార్టర్ ఆ చివర నిలబడతాడు. మనం ఈ చివర, గీతకు ఎదురుగా, మెట్ల బల్ల మీద ఒకరి వెనుక ఒకరం ఎత్తులో కూర్చుంటాం. పిస్తోలు మోత మన చెవిని చేరేసరికి సెకనులో పదో వంతులు దాదాపు మూడు గడిచిపోతాయి. మోత విని బటన్ నొక్కితే ప్రతి పిల్లవాడూ ఆ మేరకు వేగంగా పరిగెత్తినట్టు గడియారం చూపిస్తుంది. అందుకే పొగ కనబడగానే నొక్కాలి. పొగ స్పష్టంగా కనబడాలని స్టార్టర్ వెనుక నల్లబల్ల ఒకటి నిలబెట్టేవాళ్లం. మొదటి స్థానానికి మూడు వాచీలు. రెండు కలిస్తే ఆ సమయం, మూడూ వేరైతే మధ్యది. వచ్చిన అంకెను ఎప్పుడూ పైకే సవరించాలి. 11.31 వస్తే 11.4 అని రాయాలి, 11.3 అని కాదు.

ఇంత జాగ్రత్త పడినా చేతి గడియారం కొంత ఉదారంగానే ఉంటుంది. పొగ చూసి నొక్కడానికి మనిషికి కొంత ఆలస్యమవుతుంది. గీత దగ్గరికి వస్తున్నవాణ్ణి మాత్రం ముందు నుంచీ చూస్తూనే ఉంటాం కనుక అక్కడ ఆలస్యం ఉండదు. అందుకే చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 100, 200 మీటర్లలో 0.24 సెకన్లు, 400లో 0.14 సెకన్లు కలుపుతారు.

ఈ లెక్క తెలిస్తే మిల్కా సింగ్ రికార్డు చిక్కుముడి విడిపోతుంది. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో ఆయన సమయం చేతి గడియారంలో 45.6, ఎలక్ట్రానిక్ యంత్రంలో 45.73. 1998లో కోల్‌కతాలో పరమ్‌జీత్ సింగ్ 45.70లో ముగించినప్పుడు మా మెట్ల మీద పెద్ద రభసే జరిగింది. 45.6 కంటే 45.70 ఎక్కువ కదా, రికార్డు ఎలా పోతుందని కొందరు. 45.73 కంటే తక్కువ కదా అని కొందరు. ఇద్దరి అంకెలూ నిజమే. ఏ గడియారంతో కొలిచారన్నది అడక్కుండా వాదించడం వల్లే అంత గొంతు చించుకోవాల్సి వచ్చింది. యంత్రం కొలిచిన 45.73ని యంత్రం కొలిచిన 45.70తో పోల్చాలి. పరమ్‌జీత్ రికార్డు న్యాయమైనదే. మిల్కా గొప్పతనానికి దానివల్ల వచ్చిన లోటూ లేదు. బొగ్గుపొడి ట్రాక్ మీద నెలకొల్పిన సమయాన్ని దేశంలో మరొకరు దాటడానికి 38 ఏళ్లు పట్టింది.

2. కథ ఎంత బాగుంటే అంత నెమ్మదిగా నమ్మండి.

మిల్కా సింగ్ అందరికంటే ముందున్నాడు, వెనక్కి తిరిగి చూశాడు, ఆ ఒక్క చూపుతో పతకం పోయింది. ఈ కథ నేను ఎన్ని తరగతి గదుల్లో చెప్పానో. పరీక్షల ముందు, పిల్లలు అటూ ఇటూ చూస్తున్నప్పుడు, ఏకాగ్రత గురించి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ. 2013లో వచ్చిన సినిమా కూడా ఆ దృశ్యంతోనే మొదలవుతుంది.

ఆ పరుగు పాత ఫిల్మును నేను రిటైరయ్యాక చూశాను. మా అబ్బాయి సెల్‌ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపి చూశాను. మిల్కా అందరికంటే ముందుండి తల వెనక్కి తిప్పిన దృశ్యం నాకెక్కడా కనబడలేదు. కనబడింది వేరే. అమెరికా కుర్రవాడు ఓటిస్ డేవిస్, జర్మనీ కుర్రవాడు కార్ల్ కౌఫ్‌మన్ ఇద్దరూ గీత మీద పడిపోయేంత దగ్గరగా ముగించారు. ఇద్దరికీ 44.9, అంతవరకూ ఉన్న ప్రపంచ రికార్డు 45.2 బద్దలైపోయింది. ఫొటో చూసి డేవిస్‌ను విజేతగా తేల్చారు. మూడో స్థానం దక్షిణాఫ్రికాకు చెందిన మాల్కమ్ స్పెన్స్‌ది, 45.5. రెండేళ్ల ముందు కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో 440 గజాల పరుగులో మిల్కా ఓడించింది ఆ స్పెన్స్‌నే. 250 మీటర్ల దగ్గర వేగం తగ్గించడం తన పొరపాటని మిల్కా తానే చెప్పుకున్నారు. ఆ బాధ ఆయన జీవితాంతం మోశారు, దాన్ని నేను కాదనను. అయితే పందెం లోపల ఉన్నవాడి జ్ఞాపకం వేరు, బయటి నుంచి మనం అల్లిన కథ వేరు.

ఇంకో మాట కూడా ప్రచారంలో ఉంది, మిల్కా ఆ రోజు ప్రపంచ రికార్డును దాటాడని. దాటలేదు. రోమ్ క్రీడలు మొదలయ్యేనాటికి ఉన్న ఒలింపిక్ రికార్డు 45.9ని దాటాడు. ఒలింపిక్ రికార్డు, ప్రపంచ రికార్డు ఒకటి కావు. ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలిసిపోయి, ఆ కలగలుపే జనం నోట నిలిచింది. నేను చెప్పిన కథ విన్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు అదే చెబుతూ ఉంటారు. వాళ్లందరినీ వెతికి సరిదిద్దడం నా వల్ల కాదు. ఆ పరుగును నలుగురు మహావీరులు పాత ఒలింపిక్ రికార్డును దాటిన పందెంగా చెప్పి ఉంటే మిల్కా ఏం తగ్గేవాడు? చరిత్రలో అంతటి 400 మీటర్ల పరుగు అంతకుముందు జరగలేదు. అందులో మనవాడు నాలుగోవాడు. అసలు కథ అది, దాన్నే చెప్పాల్సింది.

3. నాలుగో స్థానం వెనుక ఏముందో తెలుసుకోకుండా నోరు జారకండి.

1984 లాస్ ఏంజెలస్. మహిళల 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లో పెట్టడమే ఆ ఏడాది మొదలు. మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవాకెల్ 54.61తో గెలిచింది. మూడో స్థానంలో రొమేనియాకు చెందిన కొజొకారు 55.41, నాలుగో స్థానంలో మన పి.టి. ఉష 55.42. సెకనులో నూరో వంతు తేడా. ఆ వార్త వచ్చిన రోజు మా స్టాఫ్ రూములో మాట్లాడనివారు లేరు. గీత దగ్గర ఛాతీ వంచి ఉంటే సరిపోయేదన్నారు. ఒక హర్డిల్ దగ్గర అడుగు సర్దుకుని ఉంటే చాలన్నారు. జీవితంలో ఒక్కసారైనా హర్డిల్ దాటినవారు మాలో ఎవరూ లేరు.

పది హర్డిల్స్. వాటి మధ్య ప్రతిసారీ 35 మీటర్ల దూరం. అలసట పెరిగేకొద్దీ అడుగు చిన్నదవుతుంది, చిన్నదైన అడుగుతోనే సరైన కాలు ముందుకు వచ్చేలా లెక్క చూసుకోవాలి. నలభై అయిదో సెకను దాటాక కాళ్లు సీసంలా బరువెక్కుతాయంటారు పరిగెత్తినవాళ్లు. ఆ స్థితిలో మొండెం గీతను తాకడమే లెక్క, తల కాదు, చెయ్యి కాదు. కేరళలో పయ్యోళి సముద్రపు ఇసుక మీద ఓ.ఎం. నంబియార్ దగ్గర పరుగు నేర్చుకున్న అమ్మాయి, అంతగా అనుభవం లేని ఆ పోటీలో ప్రపంచంలో నాలుగోదిగా నిలిచింది. రెండేళ్లకు సియోల్ ఆసియా క్రీడల్లో 4 స్వర్ణాలు, ఒక రజతం తెచ్చింది. ఆ 55.42ను మన దేశంలో ఇంకొకరు అందుకున్నది 2023లో, హాంగ్‌ఝౌలో విత్యా రామ్‌రాజ్. అందుకుంది కూడా సరిగ్గా 55.42తోనే. అంటే 39 ఏళ్లు. మేము స్టాఫ్ రూములో టీ తాగుతూ తేల్చిపారేసిన పరుగు విలువ అది.

4. గాలిని కూడా పేరు పెట్టి అడగండి.

మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ వల్ల ఈ పాఠం నాకు బాగా వంటబట్టింది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు చాలాకాలం అనురాధా బిస్వాల్ పేరున ఉండేది, 2002లో నెలకొల్పిన 13.38. జ్యోతి 2020లో మూడబిదిరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరిగెత్తింది. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని దాన్ని రికార్డుగా తీసుకోలేదు. 2022 ఏప్రిల్లో కోళికోడ్‌లో ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి వెనుక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. హద్దు 2.0. ఆ ఒక్క పదో వంతుతో అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23 పరిగెత్తాక గానీ జాతీయ రికార్డు ఆమె పేరు మీదికి రాలేదు. చేజారిన రెండు సమయాలకంటే అది నెమ్మది. అయినా పుస్తకంలో ఉన్నది అదే.

ఆ రోజుల్లో మా మెట్ల మీద ఒక కుర్రవాడు కళ్లలో నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. "అన్యాయం కదా మాస్టారూ?" అన్నాడు. అన్యాయం కాదు, కష్టం. గాలిని కొలిచే పరికరాన్ని గీతకు 50 మీటర్ల ఇవతల, ట్రాక్‌కు 2 మీటర్ల లోపు, 1.22 మీటర్ల ఎత్తులో పెడతారు. 100 మీటర్ల హర్డిల్స్‌కు పిస్తోలు పేలినప్పటి నుంచి 13 సెకన్లపాటు కొలిచి సగటు తీస్తారు. ఆ హద్దు ఎక్కడో ఒకచోట గీయాలి. గీశాక దాన్ని అందరికీ ఒకేలా పాటించాలి. అలా పాటించని చోట ఏం జరుగుతుందో 1988 ఇండియానాపొలిస్ చెబుతుంది. ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 పరిగెత్తినప్పుడు ట్రాక్ పక్కన ఉన్న గాలి మీటరు సున్నా చూపింది. అదే సమయంలో ట్రిపుల్ జంప్ దగ్గరి మీటరు 4.3 చూపింది. ఆ రికార్డు ఈనాటికీ పుస్తకంలో ఉంది, దాని మీద అనుమానమూ ఈనాటికీ ఉంది. జ్యోతి రికార్డు మీద అటువంటి నీడ లేదు. గాలి హద్దుకు లోబడే 2022 అక్టోబరులో బెంగళూరులో 12.82తో 13 సెకన్లలోపు పరిగెత్తిన తొలి భారతీయ హర్డిలర్ అయింది. మరుసటి ఏడాది చెంగ్డూలో 12.78.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లేన్‌లో ఉన్న చైనా అమ్మాయి ముందే కదిలితే, ఈ అమ్మాయిని కూడా బయటికి పంపబోయారు. జ్యోతి కదలకుండా నిలబడి అధికారులతో మాట్లాడింది. పరుగెత్తనిచ్చారు. మూడోదిగా ముగించింది, తర్వాత ఆ చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో రజతం దక్కింది. అంత కల్లోలం తర్వాత మళ్లీ బ్లాక్‌లలో కాళ్లు పెట్టి 12.91 పరిగెత్తడం ఎంత గుండె నిబ్బరమో, హర్డిల్స్ దగ్గర పనిచేసినవాడిగా నాకు తెలుసు. ఆ వయసులో చాలామందికి చెయ్యి వణుకుతుంది.

5. పెద్ద స్టేడియం కోసం ఎదురుచూడకండి, మీ ఊరి మీట్‌కి వెళ్లండి.

జోనల్ మీట్ అంటే ఎలా ఉంటుందో ఈ తరం అభిమానులు చాలామంది చూడలేదు. తెల్లవారుజామున వర్షం పడి ఉంటుంది. పీఈటీలు ఇద్దరు తాడు పట్టుకుని నడుస్తుంటే, మూడో ఆయన డబ్బాతో సున్నం పోస్తూ లేన్లు గీస్తుంటాడు. లాంగ్ జంప్ గుంటలో కాలువ ఇసుక, దాన్ని పలుగుతో గుల్ల చేసే పిల్లలు. స్పైక్స్ ఉన్న పిల్ల ఒకతి ఉంటే, ఆమె పరుగు అయిపోగానే అవే స్పైక్స్ కాగితం ముక్క ముందు కూరి ఇంకో సైజు కాళ్లు తొడుక్కుంటాయి. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు వస్తాయి. హీట్స్ సమయానికి మొదలు కావు. చివరి రిలే అయ్యేసరికి చీకటి పడుతుంది.

ప్రపంచం గుర్తుపెట్టుకున్న మన పిల్లలందరూ ఏదో ఒక అటువంటి మైదానం నుంచే వచ్చారు. జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి బడిలో పరిగెత్తుతుంటే చూసి గుర్తుపట్టినవాళ్లు లేకపోతే, 2024 కోబె ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 ప్రపంచ రికార్డూ లేదు, పారిస్ పారాలింపిక్స్ కాంస్యమూ లేదు. టీ అమ్మే తండ్రి కూతురు అగసర నందిని గురుకులంలో చదువుకుంది. 2023 హాంగ్‌ఝౌలో హెప్టాథ్లాన్ కాంస్యం, 2025లో కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణం. 2006 దోహా ఆసియా క్రీడల 4×400 రిలే స్వర్ణ జట్టులో మన సత్తి గీత ఉందని నేను చెబితే మెట్ల మీది పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆమె పేరు వాళ్లు వినలేదు. అది వాళ్ల తప్పు కాదు, చెప్పని మాది.

ఈ విషయంలో నాకో వెలితి మిగిలింది. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. గచ్చిబౌలిలో అథ్లెటిక్స్. మాకు ఒక రాత్రి రైలు ప్రయాణం. అప్పుడే పారిస్‌లో ప్రపంచ పోటీల్లో 6.70 దూకి కాంస్యం తెచ్చిన అంజు బాబీ జార్జ్ అక్కడ దూకబోతోంది. త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దాలని, టీవీలో చూడొచ్చులే అని ఉండిపోయాను. టీవీలో లాంగ్ జంప్ అంటే మూడు సెకన్ల ముక్క. రన్‌వే చివర నిలబడి ఆమె అడుగులు ఎలా కొలుచుకుంటుందో, ఫౌల్ అయ్యాక గుర్తును ఎంత వెనక్కి జరుపుకుంటుందో అందులో కనబడదు. ఆ పేపర్లు మరుసటి వారం దిద్దినా ఎవరికీ నష్టం ఉండేది కాదు.

6. ఒకడు మోసం చేశాడని ఆటను వదులుకోకండి.

1988లో సియోల్‌లో బెన్ జాన్సన్ 9.79తో గీత దాటుతూ చెయ్యి పైకెత్తాడు. మనిషి ఇంత వేగంగా పరిగెత్తగలడా అని ఒళ్లు పులకరించింది. ఆ సమయాన్ని నల్లబల్ల మీద రాసి, సెకనుకు ఎన్ని మీటర్లో పిల్లల చేత లెక్క చేయించాను. మూడు రోజులకు డోపింగ్‌లో దొరికాడని వార్త. పతకం కార్ల్ లూయిస్‌కు వెళ్లింది. నేను ఆ అంకెను బల్ల మీంచి తుడిచేసి, దానితోపాటు అథ్లెటిక్స్ వార్తలు చదవడమే మానుకున్నాను. ఎవరేం సాధించినా మందు మహిమే అనేవాణ్ణి. అది తెలివి అనుకున్నాను. నిజానికి అది ఓపిక లేకపోవడం.

అలా ముఖం తిప్పుకున్న కాలంలోనే 1991 ఆగస్టు 30న టోక్యోలో మైక్ పావెల్ 8.95 మీటర్లు దూకాడు. 1968లో మెక్సికో నగరపు ఎత్తులో బాబ్ బీమన్ దూకిన 8.90ని 23 ఏళ్ల తర్వాత దాటిన దూకు అది. అదే సాయంత్రం లూయిస్ 8.91 దూకీ ఓడిపోయాడు, గాలి హద్దు దాటడం వల్ల అది రికార్డుకూ పనికిరాలేదు. లాంగ్ జంప్ చరిత్రలో అంతటి పోటీ మరొకటి లేదు. నేను దాని గురించి తెలుసుకున్నది చాలాకాలం తర్వాత.

ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రిలే స్వర్ణం తెచ్చిన మన జట్టులోని కొందరు మరుసటి ఏడాది డోపింగ్ పరీక్షలో దొరికారు. పరదేశీయులు దొరికితే మోసగాళ్లనీ, మనవాళ్లు దొరికితే ఎవరో ఇరికించారనీ అనే అలవాటు మన అభిమానుల్లో ఉంది. ఆ తేడా చూపడం నిజాయితీగా పరిగెత్తే మన పిల్లలకే ద్రోహం. ఎందుకంటే మోసం వల్ల ఎక్కువ నష్టపోయేది వాళ్లే. అంజునే చూడండి. ఏథెన్స్‌లో 6.83 దూకి ఆరో స్థానంలో నిలిచింది. మేరియన్ జోన్స్‌ను తొలగించాక అది అయిదో స్థానమైంది. 2005లో మొనాకోలో ప్రపంచ అథ్లెటిక్స్ ఫైనల్లో వచ్చిన రజతం, రష్యా క్రీడాకారిణి కొతోవా పట్టుబడ్డాక, 2014లో స్వర్ణంగా మారింది. తొమ్మిదేళ్లు. పోడియం ఎక్కి జాతీయ గీతం వినవలసిన రోజు ఆమెకు తిరిగి రాదు.

7. పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టేముందు పనిముట్టును చూడండి.

నీరజ్ 2025లో దోహాలో 90.23 విసిరినప్పుడు ఒక పిల్లవాడు, "1984లోనే ఒకాయన 104.80 విసిరాడట కదా" అన్నాడు. విసిరాడు, తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్. మైదానం అవతలి వైపు ఉన్నవాళ్లకు ప్రమాదమనీ, ఈటె మొన గుచ్చుకోకుండా బల్లపరుపుగా పడితే తీర్పు చెప్పడం కష్టమవుతోందనీ 1986లో పురుషుల జావెలిన్ బరువు కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన త్వరగా కిందికి వాలుతుంది, దూరం తగ్గుతుంది. అక్కడి నుంచి రికార్డులు కొత్తగా మొదలయ్యాయి. కొత్త ఈటెతో యాన్ జెలెజ్నీ 1996లో విసిరిన 98.48 ఇప్పటికీ నిలిచి ఉంది. నీరజ్‌ను కొలవాల్సింది దాని పక్కన.

8. మీకు ఇష్టమైనవాణ్ణి పొగడడానికి ఇంకొకణ్ణి తగ్గించకండి.

1900 పారిస్‌లో 200 మీటర్ల పరుగులోనూ, 200 మీటర్ల హర్డిల్స్‌లోనూ రజతాలు గెలిచిన నార్మన్ ప్రిచర్డ్ మనవాడా, ఇంగ్లండ్ వాడా? కలకత్తాలో పుట్టాడు, తర్వాత పేరు మార్చుకుని అమెరికాలో మూకీ సినిమాల్లో నటించాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ పతకాలను భారత్ ఖాతాలోనే ఉంచింది. అథ్లెటిక్స్ చరిత్రకారుల్లో బ్రిటన్ ఖాతాలో రాసేవారూ ఉన్నారు. ఈ ఒక్క ప్రశ్న మీద నాకూ ఒక పాత మిత్రుడికీ మాటా మాటా పెరిగి చాలాకాలం పలకరింపులు లేకుండా పోయాయి. ఆయన వాదనలో పస ఉందని నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోలేదంతే. ఆయన ఇప్పుడు లేరు.

2024 పారిస్‌లో పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ 92.97 విసిరి స్వర్ణం గెలిచాడు. నీరజ్ 89.45తో రజతం. అర్షద్ కూడా తమ బిడ్డలాంటివాడేనని నీరజ్ తల్లి అన్నారు. మా మెట్ల మీద ఆ సాయంత్రం కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. ఆమెకు ఆట మనకంటే బాగా తెలుసు. అన్నేళ్లు కొడుకు మోచెయ్యి నొప్పులూ, ఆపరేషనూ దగ్గరుండి చూసిన మనిషి, అంత దూరం విసిరిన ఇంకో తల్లి బిడ్డ ఎంత కష్టపడ్డాడో ఊహించగలదు.

9. చూసింది చూసినట్టు రాసిపెట్టుకోండి.

గెలిచినవాడి పేరూ సమయమూ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి వేరే ఉంటాయి. 1976 మాంట్రియల్ 800 మీటర్ల ఫైనల్ సంగతే తీసుకోండి. క్యూబాకు చెందిన అల్బెర్తో హువాంతొరేనా 1:43.50తో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఫలితాల పట్టిక చూస్తే మన శ్రీరామ్ సింగ్ ఏడోవాడు, 1:45.77. అంతే కనబడుతుంది. ఆ పందెంలో తొలి చుట్టు గంట మోగేసరికి ముందున్నది శ్రీరామ్. ఆ వేగం పెట్టింది ఆయన. తన రికార్డులో ఆ వేగానికి పాత్ర ఉందని హువాంతొరేనా తర్వాత మెచ్చుకున్నాడు. ఆ ఏడో స్థానపు సమయమే మన దేశంలో 42 ఏళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. అదే ఒలింపిక్స్‌లో మారథాన్‌లో శివనాథ్ సింగ్ 11వ స్థానంలో వచ్చాడు. రెండేళ్లకు జలంధర్‌లో ఆయన పరిగెత్తిన 2:12:00 కూడా నాలుగు దశాబ్దాలకు పైగా ఎవరికీ అందలేదు.

నా పుస్తకాల్లో మొదట్లో పేరు, సమయం, స్థానం మాత్రమే రాసేవాణ్ణి. జిల్లా మీట్లలో ఎంతమంది పిల్లలు ఎవరిని లాక్కెళ్లి గెలిపించారో నేను చూశాను, రాయలేదు. ఇప్పుడా పేజీలు తిరగేస్తే గెలిచినవాళ్ల పేర్లే ఉన్నాయి. తర్వాత గడులు పెంచాను. తేదీ, ఊరు, చేతి గడియారమా యంత్రమా, గాలి, లేను, ట్రాక్ తడిగా ఉందా పొడిగా ఉందా, సగం దూరంలో ఎవరు ముందున్నారు. 2018 జూన్‌లో గువాహటిలో జిన్సన్ జాన్సన్ 1:45.65 పరిగెత్తి శ్రీరామ్ రికార్డు దాటిన రోజు, ఆ పేజీలో జాన్సన్ సమయం పక్కనే మాంట్రియల్ తొలి చుట్టు సమయం కూడా రాశాను, 50.85 అని. మీరు పుస్తకం మొదలుపెడితే 800 మీటర్లకు తొలి చుట్టు గడి ఒకటి తప్పక గీసుకోండి. అక్కడ సమయం ఒక్కటే కాకుండా ముందున్నవాడి పేరు కూడా పట్టేంత వెడల్పు ఉంచండి.